కరగకుండా అతుక్కునే లోహం

హెలికాప్టర్ నెత్తిన తిరిగే రెక్కలకు ఇంజను బలాన్ని అందించేది గేర్‌బాక్స్. అమెరికా సైన్యం వాడే బ్లాక్‌హాక్ హెలికాప్టర్లలో ఆ గేర్లను మోసే పెట్టెను మెగ్నీషియం మిశ్రమంతో పోత పోస్తారు. ఎగిరే యంత్రంలో ప్రతి కిలోకూ లెక్క ఉంటుంది. అల్యూమినియం కంటే కూడా తేలికైన లోహం మెగ్నీషియం. కానీ దానికి ఉప్పుగాలి పడదు. సముద్రం మీద, ఓడల డెక్కుల మీద తిరిగే హెలికాప్టర్లలో ఈ పెట్టె బోల్టులు బిగించే చోట, ఇంకో లోహం వచ్చి ఆనే చోట తుప్పు పట్టి మెల్లగా తినిపోతుంది. పడేవి చిన్న గుంటలే. మిగతా పెట్టె నిక్షేపంలా ఉంటుంది. అయినా ఆ గుంటలున్న పెట్టెను మళ్లీ హెలికాప్టర్‌లో బిగించడానికి ఏ ఇంజనీరూ ఒప్పుకోడు.

గుంటను వెల్డింగ్‌తో పూడ్చవచ్చు కదా అనిపిస్తుంది. మెగ్నీషియం 650 డిగ్రీల దగ్గర కరుగుతుంది, వేడి తగిలితే గాలిలోని ఆక్సిజన్‌తో ఆత్రంగా కలుస్తుంది. వెల్డింగ్ వేడికి చుట్టుపక్కల లోహం గుణం మారిపోతుంది, చల్లారేటప్పుడు పెట్టె వంకరపోతుంది. గేర్లు కూర్చునే రంధ్రాలు వెంట్రుకవాసి తప్పినా ఆ పెట్టె పనికిరాదు. అందుకని అంత ఖరీదైన పోత వస్తువులు చిన్న గుంటల పాపానికి గోదాముల్లో మూలన పడి ఉండేవి.

వాటికి దారి చూపింది కోల్డ్ స్ప్రే. ఈ పద్ధతిలో లోహాన్ని కరిగించరు. సన్నటి అల్యూమినియం పొడిని ధ్వనిని మించిన వేగంతో ఆ గుంట మీదికి కొడతారు. పొడి వెళ్లి అతుక్కుంటుంది, పొర మీద పొరగా పేరుకుంటుంది, గుంట నిండుతుంది. ఆ తర్వాత మిల్లింగ్ యంత్రం మీద చెక్కి పాత కొలతకు తెస్తారు. ఇదే పద్ధతిలో గుంట పూడ్చడం మాత్రమే కాదు, మొత్తం వస్తువునే పొడితో కట్టుకుంటూ పోవచ్చు. అందుకే త్రీడీ ప్రింటింగ్ వార్తల్లో దీని పేరు తరచు కనిపిస్తుంది. అయితే పరిశ్రమలో దీనికి నిజంగా నిలదొక్కుకునే చోటు దొరికింది కొత్త వస్తువుల తయారీలో కాదు, పాతవాటి మరమ్మతులో. ఆ క్రమం గమనిస్తేనే ఈ విద్య బలమూ, దాని హద్దూ అర్థమవుతాయి.

మొదట దీన్ని ఎవరూ మరమ్మతు కోసం కనిపెట్టలేదు. 1980ల నడుమ సైబీరియాలోని నొవొసిబిర్స్క్‌లో, సోవియట్ సైన్స్ అకాడమీకి చెందిన యంత్రశాస్త్ర పరిశోధన సంస్థలో అనతోలీ పపీరిన్ బృందం గాలి సొరంగంలో ప్రయోగాలు చేస్తోంది. ధూళి కలిసిన గాలి ధ్వనిని మించిన వేగంతో ఒక వస్తువును చుట్టి పారితే ఏమవుతుందో చూడాలని వారి తపన. గాలిలో లోహపు పొడి కలిపారు. పొడి తగిలి నమూనా అరగాలి, అరిగింది కూడా. కానీ వేగం ఒక మోతాదు దాటాక అరగడం ఆగి, నమూనా మీద అల్యూమినియం పొరగా పేరుకోసాగింది. అక్కడ కరిగే వేడి ఏమీ లేదు. పొడిని గాలితో విసిరి పూత వెయ్యాలన్న ఆలోచన అంతకు ముందూ ఉంది. అమెరికాలో 1963లో రోష్‌విల్ అనే ఆయన పేరిట ఒక పేటెంటే వచ్చింది. అయితే ఆ పద్ధతిలో పలుచని పూతకు మించి పేరుకోదని ఆయన తేల్చారు. ఎంత మందం కావాలంటే అంత కట్టుకుంటూ పోవచ్చని చూపించింది నొవొసిబిర్స్క్ బృందం. 1994లో వారి పేరిట అమెరికా పేటెంటు వచ్చింది. పపీరిన్ కూడా ఆ దశకంలోనే అమెరికా చేరి అక్కడి పరిశ్రమలకు ఈ విద్య నేర్పారు.

కరగని లోహం ఎలా అతుక్కుంటుంది? గోడ మీద పిడక కొట్టేవాళ్లకు సగం జవాబు తెలుసు. పేడముద్దను మెల్లగా ఆనిస్తే జారి కింద పడుతుంది. చేతి విసురు సరిగ్గా ఉంటే చప్పిడిగా పరుచుకుని గోడ గరుకులోకి దిగి పట్టేస్తుంది. లోహపు రేణువు విషయంలోనూ ఆ విసురే కీలకం, కాకపోతే అది సెకనుకు వందల మీటర్ల విసురు. రేణువు సైజు మిల్లీమీటరులో వందో వంతు నుంచి ఇరవయ్యో వంతు దాకా ఉంటుంది. అంత చిన్నది అంత వేగంతో గట్టి తలానికి తగిలితే, సెకనులో కోట్లవ వంతు కాలంలో నలిగి పరుచుకుంటుంది. నలిగేటప్పుడు దాని అంచు నుంచి లోహం పలుచని నాలుకలా పక్కకు చిమ్ముతుంది. గాలి తగిలిన దాదాపు ఏ లోహం మీదైనా ఆక్సైడ్ పొర ఒకటి ఉంటుంది. రెండు లోహాలు మామూలుగా ఆనుకున్నప్పుడు ఒకటి కాకుండా అడ్డుపడేది అదే. ఈ చిమ్మటంలో ఆ పొర చిట్లి బయటికి కొట్టుకుపోతుంది. అడుగున శుభ్రమైన లోహం శుభ్రమైన లోహానికి గట్టిగా ఒత్తుకుంటుంది. అలా ఒత్తుకున్నాక అవి రెండనే తేడా పరమాణువులకు తెలియదు.

వేగం తక్కువైతే రేణువు ఎగిరి వెనక్కి పోతుంది, లేదా తలాన్ని గీకి పోతుంది. ఇసుక బ్లాస్టింగ్‌లో జరిగేది అదే. మరీ ఎక్కువైనా పనికిరాదు: తగిలిన చోటు కరిగి, పదార్థం ఊడి చిమ్మిపోతుంది. ఈ రెంటి నడుమ సందులో పని జరగాలి. ఆ సందు ఒక్కో లోహానికి ఒక్కో చోట ఉంటుంది. రాగి మెత్తన, బరువు కూడా. సెకనుకు సుమారు 500 మీటర్ల దగ్గరే అతుక్కోవడం మొదలవుతుంది. అల్యూమినియం మెత్తనైనా తేలిక, పైగా దాని ఆక్సైడ్ పొర మొండిది. అందుకే ఇంకా వేగం కావాలి. టైటానియం, నికెల్ మిశ్రమాలు, గట్టి ఉక్కులు ఇంకా కష్టం.

ఇందులో నిజంగా కరగడం లేదా అని అనుమానం వస్తే చిన్న లెక్క వేసుకోవచ్చు. రాగి రేణువు సెకనుకు 600 మీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. ఆ వేగంలో కిలో రాగికి 180 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది. కిలో రాగిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 0.39 కిలోజౌళ్లు కావాలి. ఆ శక్తి మొత్తం ఆ రాగిలోనే వేడిగా నిలిచిపోయినా సగటున పెరిగేది 460 డిగ్రీలు. రాగి కరిగేది 1085 డిగ్రీల దగ్గర. కాబట్టి రేణువు మొత్తంగా కరిగే ప్రశ్నే లేదు. కానీ ఈ వేడి రేణువంతటా సమానంగా పరుచుకోదు. ఎక్కువ నలిగిన అంచు దగ్గర పోగవుతుంది. అక్కడ లోహం ఒక్కసారిగా మెత్తబడి జారుతుందనీ, ఆ జారడమే అతుకుకు కారణమనీ 2003లో హాంబర్గ్ శాస్త్రవేత్తల బృందం వివరించింది. చాలాకాలం అందరూ ఆ మాటే నమ్మారు. 2018లో ఎంఐటీ బృందం దాన్ని ప్రశ్నించింది. వాళ్లు ఒక్కో రేణువును లేజర్ దెబ్బతో విసిరి, నానోసెకన్ల ఎడంతో బొమ్మలు తీసే కెమెరాతో ఆ గుద్దుకోవడాన్ని చిత్రీకరిస్తున్నారు. గుద్దినప్పుడు పుట్టే ఒత్తిడి అల రేణువు అంచును చేరి లోహాన్ని చిమ్మిస్తుందనీ, మెత్తబడి జారాల్సిన అవసరం లేదనీ వారి వాదన. హాంబర్గ్ పక్షం ఒప్పుకోలేదు. పరిశ్రమ మాత్రం ఈ వాదన తేలేదాకా ఆగలేదు. ఎంత వేగానికి అతుక్కుంటుందో తెలిస్తే చాలు, యంత్రం పెట్టేసుకుంటుంది. లోహాల చరిత్రలో ఇది కొత్తేమీ కాదు. ఉక్కు ఎందుకు గట్టిపడుతుందో తెలియకుండానే వేల ఏళ్లు కత్తులు కాచారు.

ఆ వేగాన్ని పుట్టించే పరికరం నూరేళ్లకు పైబడినదే. స్వీడన్ ఇంజనీరు గుస్తాఫ్ ద లావాల్ 19వ శతాబ్దం చివర్లో ఆవిరి టర్బైన్ కోసం చేసిన నాజిల్ అది: నడుము సన్నం, అటూ ఇటూ వెడల్పు. ఒత్తిడితో వచ్చిన వాయువు నడుము దాకా వేగం పుంజుకుని, నడుము దాటి వ్యాకోచించేటప్పుడు ధ్వనిని మించుతుంది. వాయువులోని వేడే వేగం అయ్యే తంతు ఇది. అందుకే కోల్డ్ స్ప్రే యంత్రంలో వాయువును బాగా వేడి చేస్తారు. పెద్ద యంత్రాల్లో నైట్రోజన్‌ను 50 బార్లకు పైబడిన ఒత్తిడితో, వెయ్యి డిగ్రీల దాకా కాచి పంపుతారు. వెయ్యి డిగ్రీలు పెట్టి ఇది చల్లని పద్ధతి ఏమిటని అడగవచ్చు. ఆ వాయువు నాజిల్ దాటుతూనే చల్లబడుతుంది, పొడి అందులో ఉండేది సెకనులో వెయ్యో వంతు లాంటి కాలం. వేడి ఎక్కేలోపే గోడకు కొట్టుకుంటుంది.

వాయువు ఏదన్నది డబ్బు సంగతి కూడా. వాయువు ఎంత తేలికైతే అంత వేగంగా పారుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర నైట్రోజన్‌లో ధ్వని వేగం సెకనుకు 350 మీటర్లు, హీలియంలో దాదాపు వెయ్యి. హీలియం వాడితే మొండి లోహాలు కూడా లొంగుతాయి, అతుకు దట్టంగా వస్తుంది. కానీ హీలియం ఆస్పత్రుల ఎమ్మారై యంత్రాల నుంచి రాకెట్ల దాకా అందరూ పోటీపడే అరుదైన సరుకు. దాన్ని తిరిగి పట్టి, శుభ్రం చేసి వాడుకునే ఏర్పాటు లేకపోతే పూత ఖర్చు వస్తువు ఖర్చును మింగేస్తుంది. గత ఇరవై ఏళ్లలో యంత్రాల తయారీదారులు నైట్రోజన్ ఒత్తిడినీ వేడినీ పెంచుకుంటూ పోయింది ఈ హీలియం బెడద తప్పించుకోవడానికే. జర్మనీలోని ఇంపాక్ట్ ఇన్నోవేషన్స్, జపాన్‌లోని ప్లాస్మా గికెన్ ఈ దారిలో ముందు నడిచిన కంపెనీలు. దీనికి మరో కొసన రష్యాలోని ఓబ్నిన్‌స్క్‌లో పుట్టిన చిన్న యంత్రాలున్నాయి. ఇవి మామూలు గాలితో తక్కువ ఒత్తిడిలో పనిచేస్తాయి, మనిషి చేత్తో పట్టుకుని కొట్టవచ్చు. పూత అంత గట్టిగా ఉండదు. కారే పైపుకూ, తుప్పు గుంటకూ సరిపోతుంది.

మళ్లీ మరమ్మతు దగ్గరికి వద్దాం. అమెరికా సైనిక పరిశోధన ప్రయోగశాలలో విక్టర్ షాంపేన్ బృందం ఆ మెగ్నీషియం పెట్టెల సమస్యను పట్టుకుని ఏళ్ల తరబడి పనిచేసింది. 2008లో అమెరికా రక్షణ శాఖ కోల్డ్ స్ప్రే ఎలా చేయాలో, ఎలా పరీక్షించాలో చెప్పే ప్రామాణిక పత్రం విడుదల చేసింది. నా దృష్టిలో ఏ కొత్త యంత్రం కంటే ఇది పెద్ద మలుపు. పరిశ్రమలో ఒక పద్ధతి నిలబడేది అది పనిచేసినందుకు కాదు. పనిచేసిందని తనిఖీ అధికారి సంతకం పెట్టడానికి ఒక కాగితం ఉన్నందుకు. ఆ కాగితం వచ్చాక నౌకాదళ మరమ్మతు యార్డులు ఓడల, జలాంతర్గాముల భాగాల మీద దీన్ని వాడసాగాయి. పౌర విమానాల్లోకీ వచ్చింది. అమెరికా వెళ్లే ఎయిర్ ఇండియా బోయింగ్ 777 రెక్కల కింద జీఈ90 ఇంజన్లుంటాయి కదా, ఆ రకం ఇంజన్ల గేర్‌బాక్స్ భాగాలను జీఈ కంపెనీ కోల్డ్ స్ప్రేతో బాగుచేసే పద్ధతి తెచ్చింది. అరిగిన చోట తిరిగి లోహం పోసి, పారేయాల్సిన భాగాన్ని మళ్లీ ఇంజన్‌లోకి ఎక్కించడమన్నమాట.

ఇక మొత్తం వస్తువును పొడితో కట్టే సంగతి. లోహపు త్రీడీ ప్రింటింగ్ అనగానే ఎక్కువగా కనిపించేది లేజర్ పద్ధతి. మూసిన గదిలో పొడి పలుచగా పరిచి, లేజర్‌తో గీత గీతగా కరిగించి, మళ్లీ పొడి పరిచి మళ్లీ కరిగిస్తారు. చాలా సున్నితమైన ఆకారాలు వస్తాయి. కానీ గంటకు పెరిగేది గ్రాముల లెక్కే. వస్తువు సైజు ఆ గది సైజును మించదు. కరిగి గడ్డకట్టే లోహంలో ఒత్తిళ్లు మిగులుతాయి. రాగి అయితే మామూలు లేజర్ వెలుగును అద్దంలా తిప్పికొడుతుంది. కోల్డ్ స్ప్రేకు ఈ బాధలు లేవు. గంటకు కిలోల లెక్కన పెరుగుతుంది, బయటి గాలిలోనే పనిచేస్తుంది, రాగి, అల్యూమినియం దానికి ఇష్టమైన సరుకులు. ఒక లోహం మీద వేరే లోహాన్ని కూడా కట్టవచ్చు. కరిగించి కలిపితే పెళుసు మిశ్రమం పుట్టించే జంటలు కూడా ఇక్కడ గొడవ పడవు.

ఈ దారిలో ఎక్కువ ధైర్యం చూపింది ఆస్ట్రేలియా. అక్కడి స్పీ3డీ అనే కంపెనీ యంత్రంలో నాజిల్ కదలదు. రోబో చెయ్యి వస్తువును పట్టుకుని నాజిల్ ముందు తిప్పుతుంది. వాడేది సంపీడన గాలి. నైట్రోజన్ సిలిండర్ల బండి వెంట తీసుకెళ్లక్కర్లేదు. 2020లో ఆస్ట్రేలియా సైన్యం ఈ యంత్రాన్ని ఉత్తర ప్రాంతపు ఎండల్లోకీ దుమ్ములోకీ తీసుకెళ్లి ప్రయత్నించింది. ఎం113 సాయుధ వాహనానికి కావలసిన రెండు కిలోల చక్రపు బేరింగ్ మూతను అరగంట లోపే కట్టామని కంపెనీ ప్రకటించింది. 2023లో ఈ యంత్రాలు ఏడు ఉక్రెయిన్ సైన్యానికి అందాయి. అక్కడ సోవియట్ కాలపు వాహనాల నుంచి పాశ్చాత్య దేశాల ట్యాంకుల దాకా కలగాపులగంగా ఉన్నాయి. ఒక మూత కోసమో బ్రాకెట్ కోసమో వాహనం మూలన పడితే, అది వేరే దేశం నుంచి వచ్చేదాకా ఆగే వీలు యుద్ధంలో ఉండదు. అందమైన వస్తువు కాకపోయినా ఈ రోజు పని గడిపే వస్తువు కావాలి.

ఒక మాట చెప్పుకోవాలి. 'నిమిషాల్లో విడిభాగం' అన్న ప్రకటనలో లెక్కకు వచ్చేది పొడి కొట్టిన సమయమే. నాజిల్ నుంచి వచ్చే ధార కొన్ని మిల్లీమీటర్ల వెడల్పుంటుంది. ధార నడుమ రేణువులు వేగంగా, అంచున నెమ్మదిగా ఉంటాయి కాబట్టి గోడ నిటారుగా కట్టబోతే పైకి పోయేకొద్దీ వాలిపోతుంది. దాన్ని సరిచేయడానికి రోబో కోణం మార్చి వాలుగా అంచులు కొట్టిస్తూ పోవాలి. అయినా వచ్చేది ఉజ్జాయింపు ఆకారమే. దాన్ని కొలిమిలో కాచాలి, యంత్రం మీద చెక్కాలి. నిజానికి ఇది పోత పోయడానికి పోటీ. అచ్చు చేయించి పోత పోయించడానికి వారాలు పట్టే చోట దీని లాభం నిజమైనది. సున్నితమైన నగిషీ భాగం కావాలంటే లేజర్ దగ్గరికే పోవాలి. జర్మనీలో మిల్లింగ్ యంత్రాలు చేసే హెర్మ్లె కంపెనీ ఈ సంగతి ముందే గ్రహించి, పొడి కొట్టే నాజిల్‌నూ చెక్కే కట్టర్‌నూ ఒకే యంత్రంలో పెట్టింది. కాస్త కట్టడం, కాస్త చెక్కడం, మళ్లీ కట్టడం. లోపల నీటి కాలువలు కావాలంటే ఆ చోటును నీళ్లలో కరిగే పదార్థంతో నింపి, దాని మీదుగా లోహం కట్టి, చివర్లో కడిగేస్తారు. ప్లాస్టిక్ అచ్చుల్లో ఉక్కు మధ్య రాగి పొదిగి, చల్లబరిచే కాలువలను కావలసిన ఒంపులో నడపడం ఆ కంపెనీ ప్రత్యేకత. వాయువుగా వాళ్లు వాడేది ఆవిరి. ద లావాల్ చూస్తే సంతోషించేవాడు.

కోల్డ్ స్ప్రేకు మరో ఆసక్తికరమైన చోటు అణుశక్తి రంగం. రియాక్టర్‌లో వాడేసిన ఇంధనాన్ని నేల లోతుల్లో లక్షల ఏళ్లు భద్రపరచాలి. స్వీడన్, ఫిన్లాండ్ అయిదు సెంటీమీటర్ల మందం రాగి పీపాలు తలపెట్టాయి. లోతు నేలలో ఆక్సిజన్ ఉండదు, అక్కడ రాగికి చిలుము దాదాపు పట్టదు. కెనడా అణు వ్యర్థాల సంస్థ వేరే దారి పట్టింది: బలానికి ఉక్కు పీపా, తుప్పు పట్టకుండా దాని మీద మూడు మిల్లీమీటర్ల రాగి. పీపాకూ మూతకూ ఫ్యాక్టరీలోనే విద్యుత్తు లేపనంతో రాగి పట్టిస్తారు. కానీ ఇంధనం లోపల పెట్టాక మూతను వెల్డ్ చెయ్యాలి కదా, ఆ వెల్డ్ మీద రాగి ఉండదు. అప్పటికి లోపలున్నది మనిషి దగ్గరికి పోలేని రేడియోధార్మిక సరుకు. దాన్ని లేపనం తొట్టిలో ముంచలేరు. అక్కడే రోబో చేతిలోని కోల్డ్ స్ప్రే నాజిల్ వచ్చి ఆ పట్టీ అంతటా రాగి కొట్టి మూసేస్తుంది. ఆ తర్వాత ఆ పట్టీని మాత్రమే కాచి మెత్తబరుస్తారు. 2024 నవంబరులో ఒంటారియోలోని ఇగ్నేస్ ప్రాంతాన్ని ఈ భూగర్భ భండారానికి ఎంపిక చేశారు.

అణుశక్తి రంగంలోనే రెండో వాడకం 2011 ఫుకుషిమా ప్రమాదం తర్వాత వేగం అందుకున్న పని. రియాక్టర్‌లో యురేనియం గుళికలను జిర్కోనియం మిశ్రమం గొట్టాల్లో నింపుతారు. మన దేశపు చాలా రియాక్టర్లకు ఆ గొట్టాలు హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారవుతాయి. చల్లబరిచే నీరు ఆగి గొట్టం బాగా వేడెక్కితే జిర్కోనియం ఆవిరితో చర్య జరిపి హైడ్రోజన్ పుట్టిస్తుంది. ఫుకుషిమాలో భవనాల పైకప్పులు ఎగిరిపోయింది ఆ హైడ్రోజన్ పేలడం వల్లే. గొట్టం మీద పలుచగా క్రోమియం పూత ఉంటే ఆ చర్య బాగా నెమ్మదిస్తుంది. వెస్టింగ్‌హౌస్ కంపెనీ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంతో కలిసి క్రోమియం పొడిని కోల్డ్ స్ప్రేతో కొట్టే పద్ధతి రూపొందించింది. అలాంటి గొట్టాలను 2019లో అమెరికాలోని బైరన్ రియాక్టర్‌లో పెట్టి పరీక్షకు దింపారు. గొట్టం పలుచన, దాని లోహపు అమరిక ఎంతో జాగ్రత్తగా తెచ్చుకున్నది. దాన్ని వేడితో పాడుచేయకుండా పైన పూత వెయ్యాలంటే కరిగించని పద్ధతికి విలువ ఎంతో ఇక్కడ తెలుస్తుంది.

అయితే కరగకపోవడంలోనే దీని చిక్కులూ ఉన్నాయి. నలిగిన లోహం గట్టిపడుతుంది. రాగి తీగను పదే పదే వంచితే ఒక దశలో గట్టిపడి పుటుక్కున తెగుతుంది. ఇక్కడ ప్రతి రేణువూ ఆ దశ దాకా నలిగే ఉంటుంది. కోల్డ్ స్ప్రేతో కట్టిన రాగి ముక్క గట్టిగా ఉంటుంది గానీ లాగితే సాగదు, ఒకటి రెండు శాతం కూడా సాగకుండానే తెగవచ్చు. విమానం భాగానికి బలం ఒక్కటే చాలదు, తెగేముందు కాస్త సాగి హెచ్చరించే గుణం కూడా ఉండాలి. కొలిమిలో కాస్తే ఆ గుణం చాలావరకు తిరిగి వస్తుంది, రేణువుల మధ్య సందులూ కొంత మానుతాయి. కానీ మెగ్నీషియం పెట్టె మీది పూతను అలా కాయలేరు. వేడి తగలకూడదనే కదా ఈ పద్ధతికి వచ్చింది. కాబట్టి వస్తువు మీద ఎక్కువ బలం పడని చోట, కొలత తిరిగి తేవడానికీ తుప్పు ఆపడానికీ ఇది ధీమాగా వాడతారు. బరువు మోసే చోట ఇప్పటికీ జంకుతారు. ఆ జంకు న్యాయమైనదే.

మిగిలినవి కార్ఖానా చికాకులు. నాజిల్‌లోనే అల్యూమినియం, నికెల్ పొడి అతుక్కుని గొంతు పూడుకుపోతుంది. అందుకని నాజిల్‌ను నీళ్లతో చల్లబరుస్తారు, కొన్నిటికి ప్లాస్టిక్ గొట్టాలు వాడతారు. మోత భరించలేనిది, యంత్రాన్ని శబ్దం ఆపే గదిలో పెట్టాలి. అల్యూమినియం, టైటానియం పొడి గాలిలో తేలితే నిప్పురవ్వకు పేలుతుంది. నాజిల్ ఎదురుగా కనిపించే చోటే పూత పడుతుంది. వంపు తిరిగిన లోపలి మూలల్లోకి పోదు.

మన దగ్గర ఈ విద్యకు చిరునామా హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్. అక్కడున్న ఏఆర్‌సీఐ, అంటే పొడి లోహశాస్త్రం మీద కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ, ఇరవై ఏళ్లకు పైగా కోల్డ్ స్ప్రే మీద పనిచేస్తోంది. దాన్ని చాలాకాలం నడిపిన లోహశాస్త్రవేత్త జి. సుందరరాజన్ అంతకు ముందు పేరు తెచ్చుకున్నది, గాలిలో దూసుకొచ్చే రేణువులు లోహాన్ని ఎలా అరగదీస్తాయన్న పరిశోధనలో. నొవొసిబిర్స్క్‌లో జరిగినట్టే ఇక్కడా అరుగుదల చదివినవారి చేతికే అతుకు వచ్చింది. రాగి, వెండి, స్టెయిన్‌లెస్ స్టీలు పూతలు ఎంత దట్టంగా వస్తాయి, కాస్తే వాటి తీరు ఎలా మారుతుంది అన్న దాని మీద ఆ సంస్థ పత్రాలను బయటి దేశాలవారూ ఉదాహరిస్తారు. స్టెయిన్‌లెస్ స్టీలు పూతను కొట్టి వదిలేస్తే తుప్పును అంతగా ఆపదనీ, కాచాక రేణువుల సందులు మూసుకుని మెరుగవుతుందనీ వారు చూపించారు. పరిశోధన ఉంది, దాన్ని రోజువారీ వాడే మరమ్మతు షాపులే మన దగ్గర పెరగాలి. ఉప్పుగాలిలో నిలబడే యంత్రాలు మన తీరం పొడవునా ఉన్నాయి కనుక పనికి కొదవ లేదు. ఉన్న అడ్డంకి, నాణ్యమైన పొడీ యంత్రమూ చాలావరకు దిగుమతి కావడం, ఆ పూత ఎంత గట్టిదో చెప్పి సంతకం పెట్టే ఏర్పాటు తక్కువ కావడం.

గట్టిదనం కొలవడం అనుకున్నంత సులువు కాదు. మామూలు పరీక్షలో పూత మీద ఒక దిమ్మెను జిగురుతో అంటించి లాగుతారు. మంచి కోల్డ్ స్ప్రే పూతకు ముందు జిగురే ఊడుతుంది. అంటే పూత జిగురు కంటే గట్టిదని తెలుస్తుంది, ఎంత గట్టిదో తెలియదు. అందుకని పూతను మందంగా కట్టి, చిన్న గట్లుగా చెక్కి, ఆ గట్లను పక్కకు నెట్టి తెంపి చూస్తారు. ఇవన్నీ నమూనాను నాశనం చేసే పరీక్షలు. వాడకంలో ఉన్న భాగాన్ని తెంపకుండా లోపలి అతుకును కొలవడం ఇంకా పూర్తిగా చేతికి రాలేదు. కొట్టేటప్పుడే రేణువుల వేగాన్ని కెమెరాతో కొలుస్తూ, వాయువు ఒత్తిడీ వేడీ నమోదు చేస్తూ, పద్ధతి తప్పలేదు కనుక పూత తప్పి ఉండదని చెప్పుకోవడమే ఇప్పటి ఆధారం.

ఆ ఆధారాన్ని పెద్ద ఎత్తున పరీక్షించే ప్రయత్నం ఒకటి అమెరికాలో జరుగుతోంది. 2025 మేలో మసాచుసెట్స్‌లోని గ్రేట్ బారింగ్టన్‌లో ఒక పాత ఉక్కు వంతెన కింద మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం, ఎంఐటీ ఇంజనీర్లు తుప్పు తిన్న దూలాన్ని ముందు లేజర్ స్కానర్‌తో కొలిచి, పలుచబడిన చోట ఉక్కు పొడి కొట్టి మందం తిరిగి కట్టారు. హెలికాప్టర్ పెట్టెలా శుభ్రమైన గదిలో కాదు, గాలీ దుమ్మూ ఉన్న చోట. దాని మీదుగా వాహనాలు నడిచే వంతెనకు ఈ పద్ధతి పనికొస్తే లాభం చాలా పెద్దది: దారి మూసేయకుండా, దూలం మార్చకుండా, తుప్పు తిన్నంత మేరకే లోహం తిరిగి పెట్టవచ్చు. ప్రయోగానికి ఆ వంతెననే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. కొన్నేళ్లలో దాన్ని కూల్చేయబోతున్నారు. అప్పుడు పూత వేసిన దూలాన్ని ప్రయోగశాలకు తీసుకెళ్లి, కోసి, లాగి, తెంపి, ఎండా మంచూ బరువూ భరించిన ఆ ఉక్కు పొరలో అతుకు ఎంత మిగిలిందో నేరుగా కొలుస్తారు.